రేవుపట్టణంలో రంగస్థలం

నాటకాన్ని మన పూర్వులు పంచమవేదమన్నారు. వేదశ్రవణం కొందరికే పరిమితమైన కాలంలో, అన్ని వర్ణాలవారికీ చెందేటట్లుగా బ్రహ్మ నాట్యవేదాన్ని సృష్టించాడని భరతుని నాట్యశాస్త్రం చెబుతుంది. ఏ జాతి నాటకాన్నయినా తూచడానికి ఇంతకంటె మేలైన తూనిక లేదు. నాటకం ఎంత రమ్యంగా ఉన్నదన్నది ఒక ప్రశ్న. అది ఎవరి కోసం ఉన్నదన్నది అంతకంటె పెద్ద ప్రశ్న. హిందూ మహాసముద్రంలోని మారిషస్ ద్వీపానికి రాజధాని అయిన పోర్ట్ లూయీ రంగస్థల చరిత్ర ఈ రెండు ప్రశ్నలనూ మన ముందుంచుతుంది.

పోర్ట్ లూయీ ఫ్రెంచివారు నిర్మించిన రేవుపట్టణం. 1735లో గవర్నరుగా వచ్చిన లా బూర్దొనే దానిని గొప్ప నౌకాశ్రయంగా తీర్చిదిద్దాడు. 1746లో ఆంగ్లేయుల నుంచి మద్రాసును జయించినవాడు ఇతడే. 1810లో ద్వీపం ఆంగ్లేయుల వశమైంది. అయితే లొంగుబాటు షరతుల ప్రకారం అక్కడి ఫ్రెంచివారి చట్టాలు, మతం, ఆచారాలు అలాగే నిలిచాయి. జెండా మారింది, భాష మారలేదు.

కేవలం షరతుల వల్లనే భాష నిలుస్తుందా? నిలవదు. దానిని ప్రేమతో పలికేవారు కావాలి. 1822లో ఆ పట్టణంలో నాటకశాల ప్రారంభమైంది. తొలి ప్రదర్శన ఇచ్చినవారు వృత్తినటులు కారు. ద్వీపంలోనే పుట్టి పెరిగిన ఔత్సాహికులు. వారు ఎన్నుకొన్నది నాల్గవ హెన్రీ వేటను గురించిన నాటకం. వేటలో దారితప్పిన ఫ్రెంచి రాజు తానెవరో తెలియనీయక ఒక పల్లెటూరి ఇంట విందారగించి, ప్రజలకు తనపై గల ప్రేమను చెవులారా వినడం అందులోని కథ. ఆంగ్ల గవర్నరు ఏలుబడిలో ఫ్రెంచి రాజును రంగస్థలం మీదికి తెచ్చుకోవడంలో ఆ సమాజపు మనోగతం తెలుస్తూనే ఉన్నది. 1847లో ఉన్నత న్యాయస్థానాలలో ఆంగ్లమే ఏకైక భాష అయింది. అయినా ఫ్రెంచి భాష నాటకశాలలో, పత్రికలలో, ఇళ్లలో జీవించింది, నేటికీ జీవిస్తున్నది. వేతనం కోసం కాక ప్రీతి కోసం సంభాషణలు కంఠస్థం చేసేవారు ఉన్నంతకాలం ఏ భాషకూ భయం లేదని నా అభిప్రాయం.

కాని ఈ చిత్రానికి మరొక పార్శ్వమున్నది. నాటకశాల తలుపులు తెరుచుకొన్న నాటికి ద్వీపవాసులలో అధికసంఖ్యాకులు బానిసలు. రాజు సామాన్యుని ఇంట భోజనం చేసే కథకు చప్పట్లు కొట్టిన సమాజం, తన పొలంలో చెమటోడ్చే మనిషిని ఆస్తిగా లెక్కించింది. 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి భారతదేశం నుంచి ఒప్పంద కార్మికులను రప్పించారు. సుమారు నాలుగున్నర లక్షల మంది ఆ రేవులోనే దిగారు. వారిలో మన కోరంగి రేవు నుంచి ఓడనెక్కిన తెలుగువారూ ఉన్నారు. వారు వెంట తీసుకువెళ్లిన రామభజనలు తోటలలోని గుడిసెల ముందు వినిపించాయే కాని, పట్టణపు రంగస్థలం వారిది కాలేదు. ఆ నాటకశాల ఒక భాషను కాపాడింది. పంచమవేదం మాత్రం కాలేకపోయింది.

ఆ లోటును తీర్చినవారు తరువాతి తరాలవారు. బానిసల నోట రూపుదిద్దుకొన్న క్రియోల్ భాషలో భారతీయ సంతతికి చెందిన దేవ్ వీరాసామి నాటకాలు రచించాడు. షేక్‌స్పియర్ 'టెంపెస్ట్' ఆధారంగా 1991లో ఆయన వెలువరించిన నాటకం పేరు 'తుఫాన్'. ఆ మాట మనకూ పరిచితమే. ఏలినవారి నాటకం ఏలబడినవారి పలుకుబడిలో కొత్త జన్మ ఎత్తింది.

ఈ చరిత్ర మనకు రెండు పాఠాలు నేర్పుతున్నది. భాషను శాసనాలకు అప్పగించి ఊరుకోరాదు. దానిని నాలుకపై నిలుపుకోవాలి. అంతమాత్రమే చాలదు. మన వేదికపై ఎవరి పలుకుబడికి చోటు లేదో కూడా వెదకి చూసుకోవాలి. కళాశాల వార్షికోత్సవంలో తెలుగు నాటకం ఆడే విద్యార్థులు తమ ఊరి కూలివాని మాటను, సంచారజాతుల మాటను నవ్వులపాలు చేయడానికి కాక గౌరవించడానికి వేదిక ఎక్కించిన నాడు, భరతుడు చెప్పిన నాట్యవేదం సార్థకమవుతుంది.