ఆ మువ్వ ఎవరి కాలిది?

గుప్తనిధుల కోసం తవ్వకాలు, మెటల్ డిటెక్టర్‌తో ముఠా అరెస్ట్... ఇలాంటి వార్తలు చదువుతూ పెరిగినవాణ్ని. అందుకే మా టీమ్‌లో టెస్టింగ్ చూసే పెద్దాయన "శనివారం డిటెక్టింగ్‌కి వస్తావా?" అనగానే నాకు ముందు నా వీసా గుర్తొచ్చింది. పోలీసులు పట్టుకోరా అని అడిగాను. ఆయన నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

ఇంగ్లండ్‌లో ఇదొక మామూలు హాబీ. అది రక్షిత స్థలం కాకూడదు, పొలం యజమాని సరే అనాలి. వెండి, బంగారం ఉన్న 300 ఏళ్లు దాటిన వస్తువు దొరికితే 14 రోజుల్లోగా చెప్పి తీరాలి, 1996లో వచ్చిన ట్రెజర్ చట్టం ప్రకారం. రాగి, ఇత్తడి ముక్కల్లాంటివి దొరికితే చెప్పడం చాలావరకు మన ఇష్టమే. కానీ చెబితే మంచిది. ఎందుకు మంచిదో నాకు తర్వాత తెలిసింది.

సెప్టెంబర్‌లో నార్ఫోక్ వెళ్లాం. గోధుమ కోసేసిన పొలం. మూడు గంటల్లో నా సంపాదన రెండు సీసా మూతలు, ఒక ట్రాక్టర్ బోల్టు, తుపాకీ తూటాల అడుగు బిళ్లలు నాలుగు. ఇక చాలు, ఫ్లాస్కులో టీ తాగి వెళ్లిపోదాం అనుకుంటుండగా డిటెక్టర్ సన్నగా కూసింది. జానెడు లోతు తవ్వితే మట్టి ముద్దలో గుండ్రంగా ఏదో ఉంది. చేతిలోకి తీసుకుని చూస్తే మువ్వ!

నిజంగా మువ్వే. మా అక్క చిన్నప్పుడు డాన్స్ క్లాసుకి కట్టుకెళ్లిన గజ్జెల్లోంచి ఒకటి ఊడిపడినట్టుంది. పైన చిన్న కొక్కెం, కింద చీలిక. నార్ఫోక్ మట్టిలో మన మువ్వ ఏంటని నేను నోరు తెరిస్తే, పెద్దాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని నెమ్మదిగా, "ఇది డేగ కాలిది అయి ఉండొచ్చు" అన్నారు.

ఆ 'ఉండొచ్చు' నాకు వినపడలేదు. డేగ మాత్రమే వినపడింది. వెంటనే సెల్ఫీ. రాత్రికి ఫ్యామిలీ గ్రూపులో పోస్టు: 'మధ్యయుగపు రాజు గారి డేగ మువ్వ దొరికింది.' రాజు గారు ఎక్కణ్నుంచి వచ్చారో నాకే తెలీదు.

ఆ రాత్రి నిద్రపోలేదు, చదువుతూ కూర్చున్నా. అప్పటి దొరలు డేగ రెండు కాళ్లకీ తోలు పట్టీతో చెరో మువ్వ కట్టేవారట. డేగ పిట్టని కొట్టి ఏ పొదలోనో దిగితే, ఆ చప్పుడుని బట్టి వెతుక్కోవాలి. అంటే అది ఆ కాలపు ట్రాకర్. ఇప్పుడు డేగల్ని పెంచేవాళ్లు జీపీఎస్ కడుతున్నారు, సమస్య మాత్రం అదే. 1486లో అచ్చయిన 'బోక్ ఆఫ్ సెయింట్ ఆల్బన్స్' అనే పుస్తకంలో దీనికి సలహాలు కూడా ఉన్నాయి. మువ్వలు డేగకి బరువు కాకూడదు, రెండూ ఒకే స్వరం పలక్కూడదు, ఒకటి అర స్వరం తక్కువుండాలి. మిలాన్‌లో చేసినవి మంచివి. స్పెక్ అంటే ఇలా రాయాలి. మా క్లయింట్లకి చూపించాలి.

డేగ తప్పిపోతే? మువ్వ మోగుతుంది గానీ ఓనరెవరో చెప్పదు కదా. దానికి వర్వెల్ అనే చిన్న ఉంగరం ఉండేది. డేగ కాళ్లకి కట్టే తోలు వారు చివర ఉంటుంది, దాని మీద యజమాని పేరో చిహ్నమో చెక్కుతారు. ఇంగ్లండ్‌లో దొరికినవాటిలో 16, 17 శతాబ్దాల వెండివి బాగా కనిపిస్తాయి. 14వ శతాబ్దంలో మూడో ఎడ్వర్డ్ కాలపు చట్టమైతే, తప్పిపోయిన డేగ దొరికినవాడు దాన్ని షెరిఫ్‌కి అప్పగించాలని, షెరిఫ్ ఊళ్లలో చాటింపు వేయించాలని చెప్పింది.

ఇంకో సంగతి. ఆ పుస్తకం అచ్చయ్యే నాటికి విజయనగరంలో సాళువ నరసింహరాయలు సింహాసనం ఎక్కి ఏడాదే అయింది. సాళువం అంటే మన నిఘంటువుల్లో అర్థం చూడండి, డేగ! చిన్నప్పుడు సంగమ, సాళువ, తుళువ, అరవీటి అని వరసగా బట్టీ పట్టాం. ఒక్కరూ ఈ మాట చెప్పలేదు.

సరే, నా మువ్వ దగ్గరికి వద్దాం. మట్టి పట్టి ఆకుపచ్చగా, అక్కడక్కడా తెల్లగా ఉంది. వీడియో కాల్‌లో అమ్మ చూసి, "ఏరా, అలా మురికిగా పెట్టుకున్నావేంటి? చింతపండు, ఉప్పు వేసి తోము. తళతళలాడుతుంది" అంది. నేను అదే చేశాను. పావుగంటలో దీపావళి కుందిలా మెరిసింది.

రెండు వారాల తర్వాత పెద్దాయన నన్ను ఫైండ్స్ లియాజన్ ఆఫీసర్ దగ్గరికి తీసుకెళ్లారు. ఇలా జనానికి దొరికిన వస్తువుల్ని నమోదు చేయడానికి ఇక్కడ పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ ఉంది, 1997లో మొదలైంది. ఇప్పటికి 15 లక్షలకు పైగా వస్తువులు అందులో ఉన్నాయి. ఆవిడ మువ్వని చూసి మొదట ఏమీ మాట్లాడలేదు. భూతద్దం తీశారు, తూకం వేశారు, కొలిచారు. రెండు గ్రాములు, 13 మిల్లీమీటర్లు. తర్వాత చాలా మర్యాదగా, "కడిగారా?" అని అడిగారు.

ఆవిడ చెప్పింది ఇదీ. పెద్ద మువ్వల్ని మూసలో ఒకే ముద్దగా పోసేవారు, గుర్రాలకీ పశువులకీ కట్టేవి. 18వ శతాబ్దంలో రాబర్ట్ వెల్స్ అనే ఆయన పోసినవాటి మీద ఆర్, డబ్ల్యూ అని పేరులో మొదటి అక్షరాలుంటాయి, పోల్చుకోవడం తేలిక. నాది అలాంటిది కాదు. పల్చటి రేకుతో రెండు దొప్పలు చేసి మధ్యలో అతికించింది, అది మధ్యయుగపు పద్ధతే. కాకపోతే ఆ పద్ధతి తర్వాత కూడా చాలాకాలం నడిచింది. అలాంటప్పుడు అతుకులో మిగిలిన టంకం, పైనున్న తగరపు పూత ఏదైనా చెప్పొచ్చు. ఆ తెల్ల మచ్చలు పూతే అయి ఉండొచ్చు. చింతపండు పులుసులో పోయాయి.

"డేగదేనా మరి?" అని ఆశగా అడిగాను. సైజు, బరువు సరిపోతాయి అన్నారు. కానీ ఇలాంటి మువ్వలు కుక్కల పట్టెడలకీ ఉండేవి, మనుషుల బట్టలకీ ఉండేవి. 15వ శతాబ్దం ఫ్యాషన్‌లో నడుం పట్టీలకి మువ్వలు కట్టుకుని తిరిగేవారట. పక్కనే వర్వెల్ లాంటిది దొరికితే వేరే మాట.

పైగా డేగ మువ్వ అంటే అన్నీ డేగ కాలికే వెళ్లలేదు. 1492లో కొలంబస్ కరీబియన్ దీవుల జనానికి పూసలతో పాటు వీటిని కానుకగా ఇచ్చాడు. వాళ్లకి ఆ చప్పుడు తెగ నచ్చింది. మూడేళ్లు తిరక్కుండానే హిస్పానియోలాలో పన్ను వేశాడు, బంగారం దొరికే చోట 14 ఏళ్లు నిండిన ప్రతివాళ్లూ మూడు నెలలకోసారి ఒక డేగ మువ్వ నిండా బంగారం తెచ్చివ్వాలని. కానుకే కొలపాత్ర అయింది. ఇది చదివాక నా 13 మిల్లీమీటర్ల మువ్వని పట్టుకుని ఇందులో ఎన్ని రేణువులు పడతాయా అని చూశాను. చిన్నదే. కానీ ఏటి ఇసుక కడిగి ఏరేవాడికి చిన్నది కాదు.

ఆవిడ చివరగా, కడగక ముందు తీసిన ఫోటో ఉందా అని అడిగారు. ఉందండీ అని గర్వంగా ఫోన్ తీశాను. పోర్ట్రెయిట్ మోడ్. నా మొహం, పళ్లు, గడ్డం ప్రతి వెంట్రుకతో సహా స్పష్టంగా ఉన్నాయి. మువ్వ మాత్రం మసకగా, ఒక పచ్చ చుక్క. ఆవిడ జూమ్ చేసి చాలాసేపు చూశారు, పాపం.

దొరికిన చోటు లొకేషన్ పిన్ మాత్రం ఉంది. అదొక్కటే నేను సరిగ్గా చేసిన పని, అదీ ఫోన్ దానంతటదే చేసింది. అదే పొలంలో రేపు ఇంకెవరికో రెండో మువ్వ దొరికితే, ఈ రెండింటినీ కలపడానికి ఆ పిన్ పనికొస్తుందన్నారు.

రికార్డు నెల తర్వాత వచ్చింది. 'చిన్న మువ్వ, రాగి మిశ్రమ లోహం, రెండు భాగాలుగా చేసినది. బహుశా డేగకు, లేదా కుక్కకు, లేదా దుస్తులకు. దొరికిన తర్వాత శుభ్రం చేశారు.' ఆ చివరి వాక్యంలో నా పేరు లేదు, అదే నయం.

ఫ్యామిలీ గ్రూపులో రాజు గారి పోస్టు డిలీట్ చేద్దామనుకున్నా, అప్పటికే మా పెద్దమామయ్య దాన్ని మూడు గ్రూపులకి పంపేశారు. అమ్మ మాత్రం మొన్న ఫోన్‌లో మళ్లీ అడిగింది. "ఆ మువ్వ మెరిసిందా నాన్నా?"

"మెరిసిందమ్మా. బాగా మెరిసింది."