తవ్వక్కర్లేని సముద్రం

మంచు చందమామలనగానే అందరి నోటా ముందుగా వచ్చే పేరు యూరోపా. గురుగ్రహం చుట్టూ తిరిగే ఆ ఉపగ్రహం కోసం నాసా 2024 అక్టోబరులో యూరోపా క్లిప్పర్‌ను పంపింది, 2030లో చేరుతుంది. అక్కడ భూమ్మీది సముద్రాలన్నిటికన్నా ఎక్కువ నీళ్లున్నాయని అంచనా. కాకపోతే అదంతా కిలోమీటర్ల మందాన పేరుకున్న మంచు కింద. క్లిప్పర్ దిగదు, తవ్వదు. పక్కనుంచి పోతూ రాడార్‌తో తడిమి చూస్తుంది, అంతే.

శని దగ్గర అంత శ్రమ లేదు. అక్కడి ఎన్సెలడస్ అనే ఉపగ్రహం వ్యాసం సుమారు 500 కిలోమీటర్లు మాత్రమే. ఇంత చిన్నది ఎప్పుడో గడ్డకట్టుకుపోయి ఉంటుందని అనుకోవడం సహజం. 2005 మొదట్లో, శని చుట్టూ తిరుగుతున్న కాసినీ నౌక దూరం నుంచి దాటిపోతుంటే, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరానికి తేడా తగిలింది. ఏదో అడ్డొచ్చినట్టు శని క్షేత్రరేఖలు అక్కడ వంగుతున్నాయి. ఆ పరికరాన్ని నడిపే మిషెల్ డోహర్టీ బృందం ఇంకా దగ్గరగా వెళ్లాల్సిందేనని పట్టుబట్టింది. జులైలో నౌక 173 కిలోమీటర్ల ఎత్తుకు దిగింది. దక్షిణ ధ్రువం దగ్గర నాలుగు పొడవాటి చీలికలు, చుట్టుపక్కల కన్నా వెచ్చగా. వాటిలోంచి నీటి ఆవిరి, మంచు రేణువులు అంతరిక్షంలోకి చిమ్ముతున్నాయి! ఆ చీలికలకు బాగ్దాద్, డమాస్కస్, కైరో, అలెగ్జాండ్రియా అని పేర్లు పెట్టారు. అరేబియన్ నైట్స్ వాసన శనిదాకా పోయింది.

డయోనీ అనే మరో ఉపగ్రహం లాగుడుకు ఎన్సెలడస్ కక్ష్య కాస్త కోలగా ఉండిపోయింది. శనికి దగ్గరైనప్పుడు నలుగుతుంది, దూరమైనప్పుడు సడలుతుంది. ఆ నలుగుడే లోపలి వేడి.

నీళ్లు ధ్రువం కింద మడుగులా ఉన్నాయా, చుట్టూరా ఉన్నాయా? బొంగరంలా తిప్పి చూస్తే ఉడికిన గుడ్డేదో, పచ్చి గుడ్డేదో తెలిసిపోతుంది కదా. ఎన్సెలడస్ ఊగిసలాటను కొలిచి చూస్తే, మంచు పెంకు లోపలి రాతికి అతుక్కుని లేదని 2015లో తేలింది. మధ్యలో ఉన్నది సముద్రం.

చిమ్మిన నీటిలో ఉప్పు దొరికింది. వేడి రాయి, నీరు కలిసినచోట పుట్టే హైడ్రోజన్ దొరికిందని 2017లో ప్రకటించారు. భూమ్మీద సముద్రం అడుగున కొన్ని సూక్ష్మజీవులు బతికేది దానితోనే. 2023లో ఫాస్ఫేట్ల వంతు వచ్చింది, డీఎన్ఏ వెన్నెముకలో ఫాస్ఫేట్ ఒక భాగం. ప్రాణి ఉందని శాస్త్రవేత్తలెవరూ తేల్చలేదు. పత్రికల శీర్షికలే తొందరపడుతుంటాయి. విశేషమేమిటంటే, కాసినీ పరికరాలు ఈ చిమ్ముళ్ల సంగతే తెలియని 1990లలో తయారైనవి.

ఇంత తేలిగ్గా నమూనా చేతికందుతుంటే, అమెరికా శాస్త్రవేత్తలు 2022 నాటి పదేళ్ల ప్రణాళికలో యురేనస్‌ను మొదట పెట్టి, ఎన్సెలడస్‌ను రెండో వరుసకు నెట్టారు. ఇది తలకిందుల వరుస. ఐరోపా అంతరిక్ష సంస్థ నిపుణులు 2024లో ఎన్సెలడస్‌కే ఓటేశారు. కానీ ఆ నౌక బయల్దేరేది 2040లలో. అంతవరకూ చేతిలో ఉన్నది, 2017 సెప్టెంబరు 15న శనిలో పడి కాలిపోయిన కాసినీ దగ్గర్నుంచి చూసి పంపిన సమాచారమే.