ఒక పనికి ఒక చెయ్యి

‘ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అనే సామెతను మన ఇళ్లల్లో ఎక్కువగా అత్తాకోడళ్ల మీదే ప్రయోగిస్తారు. నాకు మాత్రం అందులో సగమే నిజం ఉందనిపిస్తుంది. రెండు కత్తులూ మంచివే అయినప్పుడు తప్పు కత్తులది కాదు, రెండింటికీ కలిపి ఒకే ఒర ఇచ్చిన వాళ్లది. ఈసారి నేను చెప్పబోయేది అత్తాకోడళ్ల సంగతి కాదండీ. కంప్యూటర్లో విమానం నడిపే ఆట గురించి, దానికి తగిలించే పాత, కొత్త కంట్రోలర్ల గురించి. ‘ఆడవాళ్లకు ఇదెందుకు’ అనుకోకండి. ఇంట్లో ఏ వస్తువు ఉంచాలి, ఏది పాత సామానుకు వేయాలి అనే తీర్పు చివరికి మన దగ్గరికే వస్తుంది కదా!

ఫ్లైట్ సిమ్యులేటర్ అనేది నిన్న మొన్న వచ్చిన ఆట కాదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల మొదటి ఫ్లైట్ సిమ్యులేటర్ 1982లో వచ్చింది. 2006లో ఒకటి బాగా పేరు తెచ్చుకుంది. 2020లో వచ్చినదాంట్లో భూమి మొత్తం కనిపిస్తుంది. మన ఊరి చెరువు మీదుగా కూడా ఎగిరి రావచ్చు. ఇన్నేళ్ల ఆట కాబట్టే ఒక ఇంట్లో తండ్రి కొన్న జాయ్‌స్టిక్, కొడుకు కొన్న థ్రాటిల్ ఒకే బల్ల మీదికి చేరుతున్నాయి. అక్కడే పేచీ మొదలవుతుంది.

మా ఇంట్లో పాత జాయ్‌స్టిక్ మా అబ్బాయి ఉయ్యాలలో ఉన్నప్పుడు మావారు కొన్నది. ఇప్పుడు దాన్ని ఎక్కువగా పట్టుకునేది మా మామగారు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులతో బయటికి వెళ్లడం తగ్గాక, సాయంత్రం పూట మనవడి పక్కన కూర్చుని గోదావరి మీదుగా విమానం నడపడం ఆయనకు కాలక్షేపం. మా అబ్బాయి ట్యూషన్లు చెప్పిన డబ్బుతో కొత్త థ్రాటిల్, కాళ్లతో తొక్కే పెడల్స్ కొన్నాడు. అన్నీ కలిపి తగిలించిన రోజు నుంచి విమానం మాట వినడం మానేసింది. పైకి లేస్తుండగా ఇంజిన్ శక్తి ఉన్నట్టుండి పడిపోతుంది. రన్‌వే మీద తిన్నగా పోతున్నది కాస్తా పక్కకు లాగేస్తుంది.

‘తాతయ్య స్టిక్ ముసలిదైపోయిందమ్మా, పారేద్దాం’ అన్నాడు వాడు. మామగారు ఇంకోలా అర్థం చేసుకున్నారు. ‘నా చెయ్యి వణుకుతోందమ్మా, ఇక నా వల్ల కాదు’ అని ఆ గదిలోకి వెళ్లడం మానేశారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి ఎందరినో ఇళ్లకు చేర్చిన చెయ్యి అది.

అసలు జరిగిందేమిటంటే, పాత స్టిక్ ఒక్కటే మూడు పనులు చేసేది. ముందుకు వెనక్కి, పక్కలకు వంచితే విమానం లేవడం, వాలడం. పిడిని మెలితిప్పితే చుక్కాని, అంటే రడ్డర్ కదలడం. అడుగున ఉన్న చిన్న మీటతో ఇంజిన్ శక్తి పెంచడం, తగ్గించడం. కొత్త థ్రాటిల్ పని కూడా ఇంజిన్ శక్తే. కొత్త పెడల్స్ పని కూడా చుక్కానే. ఏ కంట్రోలర్ తగిలిస్తే దానికి ఆ ఆట తనంతట తానే కొన్ని పనులు అప్పగిస్తుంది. ఆ పని ఇంకొకరు చేస్తున్నారా అని చూడదు. పైగా పాత మీటల్లో లోపలి భాగాలు అరిగిపోయి, ఎవరూ తాకకపోయినా చిన్న చిన్న కదలికలు పంపుతూనే ఉంటాయి. కొత్త మీట ‘పూర్తి శక్తి’ అంటుంది, పాత మీట ‘సగం చాలు’ అని గొణుగుతుంది. చివరగా ఎవరి మాట వినబడితే విమానం దాన్నే పట్టుకుంటుంది. పులుసులో ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు ఉప్పు వేసినట్టే ఇది.

బీఏలో తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఇలా తోచింది. ఒక క్రియకు ఇద్దరు కర్తలు చేరి చెరొక మాట చెబుతుంటే వాక్యం ఎక్కడికి పోతుంది? కర్తను చంపక్కర్లేదు, వేరే క్రియ ఇస్తే చాలు.

ఇందులో ఒక తేడా తెలుసుకోవాలి. బటన్లకు ఈ గొడవ పెద్దగా రాదు. బటన్ నొక్కినప్పుడే మాట్లాడుతుంది. మెట్ల దగ్గర లైటుకు కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి ఉన్నా మనం పోట్లాడుకోం కదా. గొడవంతా నెమ్మదిగా జరిగే మీటలతోనే. వాటిని యాక్సిస్ అంటారు. తాకినా తాకకపోయినా తాము ఏ స్థానంలో ఉన్నదీ అవి ఎప్పుడూ చెబుతూనే ఉంటాయి.

మందు కూడా చిన్నదే. ముందు ఒక కాగితం తీసుకుని పనులు ఒక పక్క, పరికరాలు ఒక పక్క రాసుకోవాలి. లేవడం, వాలడం పాత స్టిక్‌కి. ఇంజిన్ శక్తి కొత్త థ్రాటిల్‌కి. చుక్కాని, బ్రేకులు పెడల్స్‌కి. ఒక పని పక్కన రెండు పేర్లు ఉండకూడదు. తర్వాత ఒక్కొక్క పరికరాన్నే తగిలించి, విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల పేజీ తెరిచి, ఏ మీట కదిపితే ఏ గీత కదులుతుందో చూడాలి. చెయ్యి తీసేశాక కూడా గీత ఊగుతుంటే వణుకు ఎవరిదో అక్కడే తెలిసిపోతుంది. ఆపైన ఆటలోని కంట్రోల్స్ పేజీలో పాత స్టిక్‌ని ఎంచుకుని, థ్రాటిల్, రడ్డర్ ఎదురుగా ఉన్నవి తుడిచేసి, మన పేరుతో ప్రొఫైల్‌గా దాచుకోవాలి. స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు కొద్దిగా ఊగుతుంటే డెడ్ జోన్ కాస్త పెంచితే ఆ చిన్న కదలికల్ని ఆట పట్టించుకోదు. అరిగిపోయిన మీటకు మాత్రం ఏ పనీ ఇవ్వకుండా వదిలేయడమే మంచిది. ప్రతిసారీ అదే యూఎస్‌బీ రంధ్రంలో తగిలిస్తే ఇంకా నయం. చోటు మారితే ఒక్కోసారి కంప్యూటర్ దాన్ని కొత్త చుట్టమనుకుని మళ్లీ పాత పనులే అప్పగిస్తుంది.

నిజం విమానాల్లోనూ ఈ చిక్కు ఉంది. ఎయిర్‌బస్ ఏ320లో ఇద్దరు పైలట్లకూ చెరో స్టిక్ ఉంటుంది. ఒకరిది కదిలితే రెండోది కదలదు. ఇద్దరూ ఒకేసారి కదిపితే విమానం ఆ రెండింటినీ కలిపి లెక్క వేసుకుంటుంది. ఒకరు పైకి, ఒకరు అంతే కిందికి అంటే మిగిలేది సున్నా. అందుకే ‘డ్యూయల్ ఇన్‌పుట్’ అని ఒక గొంతు హెచ్చరిస్తుంది. స్టిక్ మీది ఎర్ర బటన్ నొక్కి పట్టుకుంటే ఒకరి మాటే చెల్లుతుంది. చేతులు మారేటప్పుడు ‘ఇక నేను నడుపుతున్నాను’, ‘సరే, మీరు నడపండి’ అని పైకి చెప్పుకోవడం పైలట్ల పద్ధతి. అంత చదువుకున్నవాళ్లే నోరు తెరిచి చెప్పుకుంటున్నారంటే, మనిషి మనసులో ఉన్నది పక్కవాళ్లు ఊహించుకుంటారనుకోవడం ఎంత ప్రమాదమో చూడండి.

పాతదంతా దాచుకోవాలని నేను అనను. తీగ తెగి, మధ్యలో మాటిమాటికీ ఆగిపోయే స్టిక్‌ని పట్టుకుని వేలాడటం మమకారం కాదు, మొండితనం. మరీ పాతవాటికి, పదిహేను పిన్నుల వెడల్పాటి ప్లగ్గు ఉన్నవాటికి, ఇప్పటి కంప్యూటర్లలో చోటే ఉండదు. వాటిని పంపేయాల్సిందే. కానీ పంపేముందు అది నిజంగా చెడిపోయిందా, లేక ఇంకొకరి పని మీద దాన్ని కూర్చోబెట్టామా అని చూడటం న్యాయం.

మా ఇంట్లో ఆ కాగితం ఇప్పటికీ బల్ల మీద అతికించి ఉంది. మామగారు స్టిక్ పట్టుకుంటారు, మనవడు థ్రాటిల్ చూసుకుంటూ పెడల్స్ తొక్కుతాడు. ఇద్దరూ కలిస్తేనే విమానం లేస్తుంది. కొత్త స్టిక్ కొని ఉంటే వాడొక్కడే నడుపుకునేవాడు, అంతే.

నన్ను బాధపెట్టింది వస్తువు పోతుందని కాదు. రెండు మీటలు చేసిన గొడవకు ఒక పెద్దాయన తన వయసును తప్పుపట్టుకున్నారే, అది. ఇళ్లల్లో ఇలా ఎన్నిసార్లు జరుగుతుందో ఆలోచించండి. ‘మీకు చేతకాదు, వదిలేయండి’ అనేముందు, ఆ పని మీద ఎన్ని చేతులు ఉన్నాయో ఒక్కసారి లెక్కపెట్టండి.