కోర్టు దగ్గరే, న్యాయం దూరం



వీడియో విచారణలతో కోర్టులు అందరికీ చేరువయ్యాయన్న మీ వ్యాసంతో నేను ఏకీభవించలేను. నేనుండే కువైట్‌లోని రిగ్గైలో కోర్టుల సముదాయమే ఉంది, నడిచి వెళ్లొచ్చు. కానీ అక్కడ విచారణ నడిచేది అరబీలో. జీతం బకాయిపడిన మా ఊరి డ్రైవరన్న కోర్టు నోటీసును అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏముందో చెప్పు తమ్ముడూ" అన్నాడు. ఆ కాగితానికీ అతనికీ మధ్య ఉన్నదే అసలు దూరం.

మన దేశంలోనైతే, 2008 గ్రామ న్యాయాలయాల చట్టం జడ్జి పల్లెలకు వెళ్లాలంది. విచారణ, తీర్పు వీలైనంతవరకు రాష్ట్ర భాషలో ఉండాలంది. సుప్రీంకోర్టు ఢిల్లీ బయటా కొలువుదీరవచ్చని రాజ్యాంగం 130వ అధికరణం చెబుతోంది. ముందు వీటిని అమలు చేయాలి. అర్థంకాని భాషలో తెర ముందు కూర్చోబెడితే అది న్యాయం కాదు.

– ఒక పాఠకుడు, రిగ్గై, కువైట్