అద్దాల పెట్టెలో సాలీడు



హైదరాబాదులో ఉద్యోగం చేసే కుమారుని గదికి వెళ్లి, అద్దాల పెట్టెలో అరచేయంత సాలీడును చూచి హడలిపోయిన ఒక తల్లి ఇలా అడిగింది: "అయ్యగారూ, విశ్వాసుల ఇంట్లో ఇలాటి విషప్పురుగు ఉండొచ్చా? ఇది సాతాను పని కాదు గదా?"

కాదమ్మా. నేలను ప్రాకే పురుగులను కూడా దేవుడే చేశాడనీ, అవి మంచివని చూచాడనీ ఆదికాండము మొదటి అధ్యాయములోనే ఉంది. అబ్బాయి పెంచుతున్నది మెక్సికో దేశపు ఎర్ర మోకాళ్ల సాలీడు. అక్కడ నేల బొరియల్లో ఉంటుంది. దాని కాటు మనిషి ప్రాణం తీయదు. కానీ బెదిరితే పొట్టమీది సన్నని వెంట్రుకలను వెనుక కాళ్లతో రాల్చి విసురుతుంది. అవి కంట్లో పడితే చాలా బాధ. చేతిలో ఆడించడానికి అది కోడిపిల్ల కాదు, జారిపడితే పొట్ట పగిలి చస్తుంది. ఆడదైతే 20 ఏళ్లు పైగా బ్రతుకుతుంది. రేపు పెళ్లయి, ఊరు మారి, పిల్లలు పుట్టాక దానికి బొద్దింకలు వేసేదెవరు? సామెతలు 12:10 ఎద్దులకూ గేదెలకూ మాత్రమే అని నేననుకోను.

అయితే నా దిగులు వేరు. అసలు అది ఎక్కడనుండి వచ్చింది?

మన రాష్ట్రములో జరిగిందే చెబుతాను. 1899లో పోకాక్ అనే ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు గుత్తిలో దొరికిన ఒక నీలి సాలీడును గూర్చి వ్రాశాడు. అది కలపతోపాటు రైలులో అక్కడికి చేరి ఉంటుందని తరువాతివారు తలంచారు. నూరేళ్లకు పైగా మరల ఎవరికీ దొరకలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, ముసలి చెట్ల తొర్రల్లో కనబడింది. నెమలి మెడవంటి నీలం! ఆ అందమే దానికి ముప్పయింది. విదేశాల్లో పెంపుడు జంతువుగా అమ్ముడుపోసాగింది. ఒకవైపు వంటచెరకుకూ కలపకూ చెట్లు నరికారు, మరోవైపు దాన్నే పట్టుకుపోయారు. 2008లో అంతరించే ప్రమాదం మిక్కిలి తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో చేరింది.

గూటిలోని తల్లిపక్షిని పిల్లలతోకూడ పట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఆజ్ఞ ఉంది. గ్రుడ్లసంచితో ఉన్న సాలీడును తొర్రలోనుండి లాగేవానికి ఆ ఆజ్ఞ వర్తించదా? దొంగ సొత్తు కొన్నవాడు నిర్దోషి ఎలా అవుతాడు?

కనుక అబ్బాయి అమ్మినవానిని అడగాలి: ఇది అడవిలో పట్టిందా, పెంపకంలో పుట్టిందా? కాగితం ఉందా? ఆ మెక్సికో సాలీడు 1985 నుండీ, మన నీలి సాలీడు 2019 నుండీ అంతర్జాతీయ వ్యాపార నియంత్రణలో ఉన్నాయి. మన వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం ఇటువంటి విదేశీ ప్రాణిని ఉంచుకున్నవారు ప్రభుత్వానికి తెలుపుకోవాలి. కాగితం లేకపోతే అటవీశాఖవారినే అడగాలి. జాలిపడి పొలంలో వదలవద్దు, అది ఈ నేలది కాదు.

మన ఇంటి సాలీళ్ల సంగతి వేరు. గోడమీద కనబడగానే చెప్పు తీయకండి. గ్లాసు బోర్లించి, క్రిందుగా అట్టముక్క జొనిపి, చేనిగట్టున వదలండి. వరిలో దోమను పట్టి తినేది ఆ జాతే.