ఈలయు సాక్ష్యమే

తెలుగు పాఠములు చెప్పువారికి బాస్కెట్‌బాల్ ఈలతో ఏమి పని యని మిత్రులు నవ్వవచ్చును. విద్యార్థి దశలో మేమును ఆడితిమి. పిమ్మట చిన్న పోటీలకు ఈల పట్టితిమి. మన విద్యార్థులలో కొందరు రెఫరీ పరీక్షకు సిద్ధపడుచున్నారని విని సంతోషించి, వారికొరకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట మా తప్పునే చెప్పెదము. తరగతుల మధ్య జరిగిన ఒక పోటీలో, మూడవ క్వార్టరున, ఒక బాలునిపై లేని ఫౌలు పెట్టితిమి. ఆటగాని వీపు మా కన్నులకు అడ్డముగా నుండెను. చేయి తగిలినదో లేదో చూడలేదు. ప్రేక్షకుల కేక వినబడినది, ఈల మ్రోగినది. తప్పు తెలిసి మనస్సు పీడింపగా, కొంతసేపటికి ఎదుటి జట్టుపై ఇంకొక ఫౌలు వెదకి పెట్టి లెక్క సరిచేసితిమి. ఆ బాలునకు అది ఐదవ ఫౌలు. అతడు మారుమాటాడక వెలుపలికి నడచి, ముఖముపై తువాలు కప్పుకొని బెంచిపై కూర్చుండెను. మేము చేసిన మొదటిది పొరపాటు, రెండవది అబద్ధము.

ఉర్దూ విభాగపు సోదరులు ‘గవాహీ’ యందురు, మేము సాక్ష్యమందుము. అయినవారికి వ్యతిరేకమైనను ఉన్నది ఉన్నట్లు పలుకవలెనని మాకు ఇంట చిన్ననాడే నేర్పిరి. చూడనిదానిని చూచితినని పలుకరాదనుటయు ఆ పాఠములోనిదే. కావున చూచుటయే రెఫరీ మొదట నేర్వవలసిన విద్య. ఇద్దరు రెఫరీలలో ఒకరు రింగు క్రింది గీత వద్దను, ఒకరు ఆట వెనుకను నిలుతురు. క్రొత్తవారి కన్నులు నాలుగును బంతి వెంటనే పరుగెత్తును. రింగు క్రింద జరుగు త్రోపులాట నెవరును చూడరు. బంతి ఫౌలు చేయదు గదా! ఇద్దరాటగాండ్ర నడుమ నున్న ఖాళీ కనబడునట్లు రెండడుగులు ప్రక్కకు జరిగి నిలువుడు. ఖాళీ కనబడనిచో ఈల నోటనే యుండనిండు.

ఈల పట్టుటకు ముందు స్కోరు బల్ల వద్ద కొన్ని నెలలు కూర్చుండుడు. క్వార్టరులో జట్టుకు ఐదవ ఫౌలు నుండి ఎదుటివారికి రెండు ఫ్రీ త్రోలు, ఇరువది నాలుగు సెకండ్ల గడియారము, బంతి హక్కును చూపు బాణపు గుర్తు – ఇవి పుస్తకమున చదివిన దానికంటె అచట త్వరగా వంటబట్టును. బల్ల పని చిన్నదని తలపకుడు. 1972 మ్యూనిక్ ఒలింపిక్ ఫైనలులో మూడు సెకండ్లు మిగిలియుండగా అమెరికా 50–49తో ముందుండెను. టైమవుటు గూర్చియు, గడియారము గూర్చియు గందరగోళము చెలరేగి, ఆ మూడు సెకండ్లు మరల మరల ఆడింపబడినవి. తుదకు సోవియట్ జట్టు 51–50తో గెలిచినది. ప్రధాన రెఫరీ, బ్రెజిల్ దేశీయుడు రెనాటో రిఘెట్టో, స్కోరు పత్రముపై సంతకము చేయ నిరాకరించెను. తాను ఒప్పని దానికి సాక్షిగా నిలువనన్న ఆ రెఫరీపై మాకు గౌరవము కలదు.

టెలివిజనులో అమెరికా ఆట చూచి నియమములు నేర్చుకొనకుడు. అచటి ఎన్‌.బి.ఏ.లో క్వార్టరు పన్నెండు నిమిషములు, ఆరవ ఫౌలుతో ఆటగాడు వెలుపలికి. మనము అనుసరించు ఫీబా నియమములలో పది నిమిషములు, ఐదు ఫౌలులు. ఆటకు ఇరువది నిమిషములు ముందే, నల్లని ప్యాంటు, నల్లని బూట్లతో మైదానమున నుండవలెను. ఉతికిన చొక్కా రెఫరీకి సగము బలము. ఇది మా సొంత అభిప్రాయము.

పందెముల మాట చెప్పకుండుట తప్పగును. ఎన్‌.బి.ఏ.లో పదమూడు సీజన్లు రెఫరీగా నున్న టిమ్ డోనగీ పందెములలో చిక్కుకొని 2007లో పదవి వీడెను; 2008లో పదునైదు నెలల శిక్ష పడెను. మన పోటీలలో అంత ధనము లేదు. ఇచట పందెము కంటె మొగమాటమే ఎక్కువ ప్రమాదకరమని మా యనుభవము. తమ్ముడు ఆడు పోటీకి గాని, మన కళాశాల ఆడు పోటీకి గాని పిలుపు వచ్చినచో నిర్వాహకులకు ముందే తెలిపి తప్పుకొనుడు. ఆ నాటి భత్యము పోవును, పోనిండు. మరుసటి పోటీకి పిలుతురు.