నొప్పి తగ్గింది, ఏ ఖాతాలో వెయ్యాలి?

ఆపద వస్తే నాస్తికుడు కూడా దేవుణ్ణి తలుచుకుంటాడని మనల్ని ఎత్తిపొడిచేవాళ్ళు చాలామంది. ఏదో ఒక పెళ్ళిలోనో, తద్దినం భోజనం దగ్గరో మనలో అందరం ఈ మాట విన్నవాళ్ళమే. గత నవంబరులో ఒక రాత్రి నాకా పరీక్ష వచ్చింది. ఏం జరిగిందో దాచకుండా రాస్తాను.

నేనుండేది ఢిల్లీ బేర్ సరాయ్‌లో. పాత జె.ఎన్.యూ. క్యాంపస్‌కి ఎదురుగా, పుస్తకాల షాపులూ జిరాక్స్ నోట్సులూ, పోటీ పరీక్షల కుర్రాళ్ళూ కిక్కిరిసి ఉండే చోటు. డిఫెన్స్ అకౌంట్స్‌లో ముప్ఫై ఆరేళ్ళు పని చేసి రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయాం. ఆ రాత్రి భోజనమయ్యాక పొత్తికడుపు కుడివైపు నొప్పి మొదలైంది. పదకొండు అయ్యేసరికి మంచం మీద మెలికలు తిరిగిపోతున్నాను. పై అంతస్తులో అద్దెకుంటూ సివిల్స్‌కి చదువుతున్న మన తెలుగు కుర్రాడు పరిగెత్తుకొచ్చి, "అంకుల్, మెట్లు దిగగలరా? ఆటో తెచ్చాను" అన్నాడు.

ఆటో గతుకులో పడ్డప్పుడల్లా "అమ్మా" అన్నాను. ఒకసారి "దేవుడా" అని కూడా అన్నాను. మా ఆవిడ నా మొహం వంక చూసింది. నిజమే, అన్నాను. అయితే ఏమిటి? "అమ్మా" అని కూడా అన్నాను కదా, మా అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది. ఆవిడ లేచి వస్తుందని నమ్మి అనలేదు. చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైన కేకలవి. కేక సాక్ష్యం కాదు.

హాస్పిటల్ పేరు అనవసరం. నాడి, బీపీ చూసి, చీటీ రాసి కూర్చోమన్నారు. ఒక జూనియర్ డాక్టర్ పొట్ట నొక్కి చూసి, సర్జన్ చూసేదాకా నొప్పి ఇంజెక్షన్ ఇవ్వకూడదన్నాడు. ఎంతసేపట్లో వస్తారని అడిగితే జవాబు లేదు. నాకంటే ముందు రోడ్డు ప్రమాదం కేసులు లోపలికి వెళ్ళాయి. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. ప్రాణాపాయం ఎవరికి ఎక్కువో వాళ్ళని ముందు చూడాలి. నెపోలియన్ సైన్యంలో లారే అనే సర్జన్ గాయపడ్డవాళ్ళ హోదా చూడకుండా గాయం తీవ్రత చూసి వైద్యం చేయాలన్నాడు. కల్నల్ బిల్లుకీ జవాను బిల్లుకీ ఒకే రూలు వర్తించాలని ఉద్యోగమంతా వాదించినవాణ్ణి, ఆ పద్ధతిని నేనెలా కాదంటాను? బాధల్లా, ఎంతసేపో చెప్పకపోవడం. డేవిడ్ మైస్టర్ 1985లో క్యూల గురించి రాసిన వ్యాసంలో ఈ సంగతే చెప్పాడు: ఎంతసేపో తెలియని నిరీక్షణ, కారణం చెప్పని నిరీక్షణ, ఏ పనీ లేని నిరీక్షణ, భయంతో కూడిన నిరీక్షణ మరీ పొడుగ్గా అనిపిస్తాయట. నాకు నాలుగూ ఉన్నాయి. మొదటి రెండూ నా చేతిలో లేవు. మూడోదానికి మాత్రం మందు నా జేబులోనే ఉంది, బాల్‌పెన్ను.

పాత మందుల బిల్లు వెనక పద్దు మొదలుపెట్టాను. పది నిమిషాలకోసారి టైము, దాని ఎదురుగా నొప్పికి పదికి ఎన్ని మార్కులో. 11.40కి 8. 11.50కి 9. 12.00కి 5. 12.10కి 3. 12.20కి 7. 12.30కి 9. 12.40కి 4. 12.50కి 3. ఒంటిగంటకి మళ్ళీ 8.

పక్క కుర్చీలో ఒక పెద్దాయన పొట్ట పట్టుకుని హనుమాన్ చాలీసా చదువుతున్నాడు. నేను పదిహేడో ఎక్కం, పంతొమ్మిదో ఎక్కం చెప్పుకున్నాను. ఆయనకి చాలీసాతో కొంత ఉపశమనం కలగలేదని నేను అనను. కలిగే ఉంటుంది, నాకూ ఎక్కాలతో కలిగింది. మెదడు నుంచి దిగే సంకేతాలు వెన్నుపాములో నొప్పి వార్తని కొంత అడ్డగించగలవని మెల్జాక్, వాల్ 1965లోనే ప్రతిపాదించారు. కాలిన గాయాలకి కట్లు మార్చేటప్పుడు రోగుల చేత మంచు లోకపు కంప్యూటర్ ఆట ఆడిస్తే నొప్పి తక్కువ తెలిసిందని అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు చూపించారు. ధ్యాస మళ్ళితే నొప్పి తగ్గుతుంది. ఆ ఘనత ధ్యాసది. హనుమంతుడిదీ కాదు, పదిహేడుదీ కాదు.

1.10కి నొప్పి 9. అప్పుడే తెనాలి నుంచి మా అక్క ఫోను. మా ఆవిడే చెప్పినట్టుంది.

"ఒరే తమ్ముడూ, వెంకన్నకి మొక్కుకున్నానురా. నీ తరఫున నేనే కొండకెళ్తాను. నీకు నమ్మకం లేకపోతే పోనీ."

1.20కి 5. 1.30కి 2. మా ఆవిడ మొహంలో వెలుగు. నన్నేమీ అనలేదు కానీ, ఫోను తీసుకుని అక్కకి చెప్పింది, తగ్గిందని.

చేతిలో ఆ బిల్లు లేకపోతే ఆ క్షణంలో నా దగ్గరా జవాబు ఉండేది కాదు. బిల్లు మీద ఏముంది? అంతకుముందు రెండుసార్లు నొప్పి ఇలాగే తొమ్మిదికి ఎక్కి మూడుకి దిగింది. అప్పుడు ఎవరూ మొక్కుకోలేదు. ఎవరైనా మొక్కుకునేది, తాయెత్తు కట్టేది, ఇంటికి ఫోను చేసేది నొప్పి శిఖరం మీద ఉన్నప్పుడే. శిఖరం మీద నుంచి దారి కిందికే కదా. పైగా మన జ్ఞాపకం నమ్మకమైన గుమాస్తా కాదు. రెడెల్‌మయర్, కానెమన్ 1996లో ప్రచురించిన పరిశోధనలో పేగు పరీక్షకి వచ్చిన రోగుల చేత నొప్పిని నిమిష నిమిషానికీ నమోదు చేయించి, తర్వాత ఎంత నొప్పి పుట్టిందని అడిగారు. వాళ్ళకి గుర్తున్నది ముఖ్యంగా రెండే, అతి తీవ్రమైన క్షణం, చివరి క్షణం. మొత్తం ఎంతసేపన్నది లెక్కలోకి రాలేదు. మొక్కు శిఖరం మీద, ఉపశమనం చివర్లో. మిగిలిన ఎగుడుదిగుళ్ళన్నీ జ్ఞాపకం కొట్టేస్తుంది. అలా పుట్టేదే మహిమ.

పెద్ద ఎత్తున ఆడిట్ కూడా జరిగింది. అమెరికాలో ఆరు హాస్పిటళ్ళలో 1,802 మంది బైపాస్ రోగుల మీద చేసిన పరీక్ష 2006లో వెలువడింది. ప్రార్థన జరుగుతుందో లేదో తెలియని రెండు గుంపుల్లో, జరిగినవాళ్ళలో 52 శాతం మందికి, జరగనివాళ్ళలో 51 శాతం మందికి ఆపరేషన్ తర్వాత చిక్కులు వచ్చాయి. తమ కోసం ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసినవాళ్ళలో 59 శాతం మందికి వచ్చాయి.

ఇదంతా మనకి తెలిసిన వాదనే అంటారా? అయితే అసలు సంగతికి వస్తాను.

1970లో నాకు పదకొండేళ్ళు. మా పెద్దన్నయ్యకి పంతొమ్మిది. తెనాలి దగ్గర మా ఊళ్ళో అన్నయ్యకి కుడివైపు పొత్తికడుపులో నొప్పి వచ్చింది. ఒక రోజంతా దొర్లాడు. సాయంత్రం ఎవరో తాయెత్తు కట్టారు. రాత్రికి నొప్పి తగ్గింది. బండి కట్టబోయినవాళ్ళు ఎడ్లని విప్పేశారు. అమ్మ కొబ్బరికాయ కొట్టింది. మర్నాటికి పొట్ట బల్లలా గట్టిపడి, ఒళ్ళు కాలిపోయింది. గుంటూరు పెద్దాసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమైపోయింది. అపెండిక్స్ పగిలిందన్నారు.

ఉబ్బిన అపెండిక్స్ పగిలినప్పుడు లోపలి ఒత్తిడి తగ్గి, కొందరికి కొన్ని గంటలపాటు నొప్పి తెరిపి ఇస్తుంది. తర్వాత చీము పొట్టంతా పాకుతుంది. అంటే మా ఇంట్లో కొబ్బరికాయ కొట్టింది అన్నయ్య పేగు పగిలినందుకు. ఇది రాయడానికి నాకు యాభై ఏళ్ళు పైనే పట్టింది. మా అక్క అప్పుడు పదిహేనేళ్ళ పిల్ల. ఆవిడ ఇప్పటికీ అనేది ఒకటే: "తాయెత్తు పొద్దున్నే కట్టించి ఉండాల్సిందిరా." ఒకే చావు, ఒకే ఇల్లు, రెండు పాఠాలు.

మా శాఖలో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. డబ్బు వచ్చింది, ఏ పద్దు కిందిదో తెలియలేదు. అప్పుడు మనకి నచ్చిన పద్దు కింద జమ వేసెయ్యకూడదు. సస్పెన్స్‌లో ఉంచి, వోచర్ దొరికాక సరైన చోటికి మార్చాలి. కారణం తెలియకుండా తగ్గిన నొప్పి కూడా అలాంటిదే. దాన్ని వెంకన్న ఖాతాలో వేసినా, నిమ్మకాయ సోడా ఖాతాలో వేసినా, "గ్యాస్ అయ్యుంటుందిలే" అనే ఖాతాలో వేసినా తప్పు ఒకటే. ఆ మూడోది మనలాంటివాళ్ళు ఎక్కువ చేస్తాం. దేవుణ్ణి నమ్మనంత మాత్రాన తొందరపాటు లెక్కలు మానేశామని కాదు.

1.30కి నొప్పి రెండున్నప్పుడు నాకూ ఇంటికి పోదామనే అనిపించింది. మా ఆవిడ కూడా చెప్పులు వేసుకుంది. అన్నయ్య గుర్తొచ్చి కూర్చున్నాను. లేచి వెళ్ళి నర్సుకి చెప్పాను, నొప్పి ఉన్నట్టుండి తగ్గిందని. ఆవిడ డాక్టర్‌ని పిలిచింది. 1.50కి మళ్ళీ 9.

సర్జన్ వచ్చి చూశాక రెండున్నరకి ఇంజెక్షన్ ఇచ్చారు. స్కానింగులో తేలింది అపెండిక్స్ కాదు, కుడి కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే నాళంలో ఇరుక్కున్న రాయి. దాన్ని తోసెయ్యడానికి నాళం బిగుసుకున్నప్పుడల్లా నొప్పి అల ఎక్కుతుంది, సడలితే దిగుతుంది. నా బిల్లు మీది అంకెలకి వోచర్ దొరికింది.

ఇంజెక్షన్ ఆపడం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే పక్షపాతం అవుతుంది. నొప్పి మందు ఇస్తే జబ్బు గుర్తులు మరుగున పడతాయన్నది సర్జన్లలో పాత సంప్రదాయం. జకారీ కోప్ 1921లో రాసిన ప్రసిద్ధ పాఠ్యపుస్తకం తరతరాలకి అదే నేర్పింది. 1990ల నుంచి పరీక్షలు జరిగాయి. 2007లో కాక్రేన్ సమీక్ష, 2011లో దాని తాజా కూర్పు, మందు ఇచ్చినంత మాత్రాన రోగనిర్ధారణలో పొరపాట్లు పెరగడం లేదని తేల్చాయి. అయినా నేను తెల్లకోటు వేసుకున్న ఆ పాత నమ్మకం వల్ల మూడు గంటలు అనవసరంగా బాధపడ్డాను. తేడా ఏమిటంటే, వైద్యం తన తప్పుని తనే లెక్క తీసి, అచ్చు వేసి దిద్దుకుంది. ఏ తాయెత్తు శాస్త్రం ఆ పని చేసింది?

అక్క జనవరిలో కొండకెళ్ళి మొక్కు తీర్చుకుంది. లడ్డూ పంపింది. తిన్నాను, బావుంది. ఆవిడతో వాదించలేదు. ఒక్కటే అడిగాను: "అక్కా, ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా నువ్వు మొక్కుకో. కానీ తగ్గినా సరే డాక్టర్ దగ్గరికి పంపు." కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అలాగేరా" అంది.

మిత్రులారా, మీరూ ఎప్పుడో అలాంటి కుర్చీలో కూర్చోవలసి వస్తుంది. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. టైము రాయండి, నొప్పి ఎంతో రాయండి. అది మీకు కాలక్షేపం, డాక్టర్‌కి సమాచారం. నొప్పి ఉన్నట్టుండి తగ్గితే సంతోషించండి, కానీ కుర్చీలోంచి లేచి ఇంటికి మాత్రం పోకండి. నర్సుకి చెప్పండి.